రాత్రి 2 గంటల లస్కరు: కృష్ణా జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

అవనిగడ్డ, దివిసీమ.

కృష్ణా జిల్లా కలెక్టరు గారికి, మచిలీపట్నం.



ఈ సంగతి అర్జీగా రాసుకుని సోమవారం బందరు వద్దామనే అనుకున్నాను. కాగితం తీసి ‘విషయం’ అని రాసి అక్కడే ఆగిపోయాను. రోడ్డు గుంటలైతే ఆర్ అండ్ బీ, మురుగు కాలువైతే డ్రైనేజీ, పింఛనైతే సచివాలయం. ఇంట్లో కంప్యూటరుకి వైరస్ పరీక్ష ఏ వేళకి జరగాలన్నది ఏ శాఖ కిందకి వస్తుంది? ఏ శాఖ కిందకీ రాని పనులు తిరిగి తిరిగి చివరికి కలెక్టరు గారి బల్ల మీదకే చేరతాయని నా సర్వీసులో చూశాను. అందుకని నేరుగా మీకే, నలుగురి కంటా పడేలా రాస్తున్నాను. చదివినవాళ్లు మీ జవాబు కోసం ఎదురుచూడకుండా ఇవాళే ఇంటికెళ్లి ఆ పరీక్ష వేళ సరిచేసుకున్నా నాకు సంతోషమే.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. గట్లు, లాకులు, షట్టర్లు నా బతుకు. కంప్యూటరు అరవై దాటాక వచ్చిపడింది. హైదరాబాదులో ఉంటున్న మావాడు కొత్తది కొనుక్కుని, పాతదాన్ని అట్టపెట్టెలో పెట్టి బస్సులో వేసి పంపాడు. ఇప్పుడు అది మా ఒక్కరిదే కాదు. పక్కింటి పిల్లల హాల్‌టిక్కెట్లు, ఎదురింటి వారి పొలం పాసుపుస్తకం స్కాన్ కాపీలు, గుడి కమిటీ జమాఖర్చులు, మా బజారు పెళ్లి ఫొటోలు, అన్నీ దాంట్లోనే. ఫోన్లు వచ్చాక కంప్యూటరు ఎవడిక్కావాలి అంటారు గానీ, నాలుగు కాగితాలు భద్రంగా దాచాలంటే ఇంకా ఆ పెట్టె దగ్గరికే వస్తారు.

కిందటేడు ఒక కుర్రాడు జిరాక్సు షాపులో వాడిన పెన్‌డ్రైవ్ తెచ్చి మా కంప్యూటరుకి పెట్టాడు. ఫోల్డర్లన్నీ ఎడమ మూలన చిన్న బాణం గుర్తు వేసుకుని కూర్చున్నాయి. నొక్కితే తెరుచుకుంటున్నాయి కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. అసలు ఫోల్డర్లను కనపడకుండా దాచేసి, వాటి పేర్లతో దొంగ గుర్తులు నిలబెట్టడం ఈ వైరస్ ఎత్తుగడ. నొక్కినప్పుడు ముందు తన పని తాను చేసుకుని, తర్వాత మర్యాదగా మన ఫోల్డరు మనకు తెరిచిపెడుతుంది. ఒకప్పుడు పెన్‌డ్రైవ్ గుచ్చగానే దానంతటదే నడిచేది. 2011లో మైక్రోసాఫ్ట్ ఆ దారి మూసేసింది. అప్పటినించి మన వేలితోనే నొక్కించుకుంటోంది.

ఆ రోజు భయపడి విండోస్ సెక్యూరిటీ అనేదాన్ని మొదటిసారి తెరిచాను. చివరి స్కాన్ ఎప్పుడు జరిగిందో అందులో తేదీ వేసి ఉంటుంది. చూద్దును కదా, మావాడు దాన్ని బస్సెక్కించిన నెల! అంటే దివిసీమ చేరాక దాన్ని తనిఖీ చేసిన నాథుడు లేడు.

ఎందుకు లేడో కనుక్కోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. విండోస్ 8 నుంచీ ప్రతి కంప్యూటర్లో డిఫెండర్ అనే కాపలాదారు ఉచితంగానే ఉంటాడు. వాడు పైసా అడగడు. మనం వేరే వేళ చెప్పకపోతే, వాడి గస్తీకి కంపెనీ పెట్టిన వేళ రాత్రి 2 గంటలు. ఆ వేళకి మెషిన్ ఆగి ఉంటే, తర్వాత ఎప్పుడైనా అది వెలుగుతూ ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుందామని చూస్తాడు. అమెరికాలో ఆఫీసు కంప్యూటర్లకి ఇది బాగానే ఉంటుందేమో. రాత్రంతా వెలుగుతూనే ఉంటాయట. మా దివిసీమలో రాత్రి 2 గంటలకి కంప్యూటరు కాదు గదా, గోడకున్న స్విచ్చి కూడా మేలుకుని ఉండదు. పడుకునే ముందు ప్లగ్గు పీకేసి పడుకునే అలవాటు మాది. అది తెలివితక్కువతనం కాదండి. కరెంటు పోయి తిరిగి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎక్కే వోల్టేజీకి, పిడుగులకి టీవీలు పోగొట్టుకున్నవాళ్లం. ఇక పగలు ‘ఖాళీగా వెలగడం’ అన్న మాటే లేదు. పని ఉంటే వేస్తాం, అయిపోగానే కట్టేస్తాం. కరెంటు బిల్లు ఎవడు కడతాడు? అలా రాత్రి వేళ తప్పి, పగటి తీరిక దొరక్క, మా కాపలాదారు నెలల తరబడి గడప దాటలేదు.

కాలువ గట్లు కాసే లస్కరు పని తెలిసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కాలువ గట్టు మీద లస్కరు తిరిగేది నీళ్లు పారుతున్నప్పుడు. ఎలుక కన్నమో, పీత బొరియో అప్పుడే బయటపడుతుంది. గట్టుకి అవతలి వైపు మట్టి చెమ్మగిల్లుతుంది, సన్నటి ఊట కనపడుతుంది. అరచేతిలో పట్టేంత మట్టి కూరితే ఆగిపోతుంది. వదిలేస్తే తెల్లారేసరికి గండి. కాలువ కట్టేసిన ఎండాకాలంలో లస్కర్ని గట్టు మీదకి పంపి ‘ఎక్కడా ఊట లేదండి’ అని రిపోర్టు రాయించుకుంటే ఏం లాభం? నీళ్లున్న వేళకి మనిషి గట్టు మీద ఉండాలి. మెషిన్ వెలిగే వేళకి స్కాన్ ఉండాలి. నేను మిమ్మల్ని అడగబోయేదంతా ఈ వేళ మార్పు గురించే. 

ఒక మాట. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి నేను హైస్కూలు పిల్లవాణ్ణి. పదివేల ప్రాణాలు తీసిన ఆ నీళ్లని చూసినవాడెవడూ కంప్యూటరు వైరస్‌ని ఉప్పెనతో పోల్చడు. నేనూ పోల్చను. నేను చెబుతున్నది పీత బొరియ గురించి మాత్రమే.

ఫైలు లోపలికి వచ్చేటప్పుడే డిఫెండర్ ఒకసారి చూస్తుంది గదా, మళ్లీ వారం వారం ఎందుకని మా అల్లుడు అడిగాడు. మంచి ప్రశ్నే. వచ్చిన రోజున ఆ ఫైలు పేరు దొంగల జాబితాలో ఉండకపోవచ్చు. ఆ జాబితా రోజుకి కొన్నిసార్లు కొత్తదవుతుంది. సోమవారం ఎవరికీ తెలియని దొంగ శుక్రవారానికి జాబితా ఎక్కుతాడు. కానీ అప్పటికే వాడు మన డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ముసుగుతన్ని పడుకుని ఉంటాడు. కొత్త జాబితా పట్టుకుని పాత గదులన్నీ తిరిగితేనే దొరుకుతాడు. దొంగలు పడ్డ ఆరునెల్లకి కుక్కలు మొరిగాయని మనవాళ్లు వెక్కిరిస్తారు. ఇక్కడ ఆరునెల్ల తర్వాతి మొరుగుడు కూడా దండగ కాదు. ఈ దొంగ పారిపోడు, ఇంట్లోనే ఉండి రోజూ దోచుకుంటాడు. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు, బ్యాంకు లాగిన్లు మోసుకెళ్లే రకాలు అలాంటివే. వాటికి చప్పుడుండదు, తెర మీద పుర్రె బొమ్మ రాదు.

చప్పుడు చేసే రకం గుడివాడలో మా అమ్మాయి ఇంటికి వచ్చింది. మా అల్లుడికి ఫొటోల సరదా. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఒకటి చాలా ఖరీదు. ఎవరో దొంగ కాపీ ఇచ్చారు. దాన్ని ఎక్కించేటప్పుడు ‘యాంటీవైరస్ కాసేపు ఆపండి’ అని అందులో రాసి ఉంది. ఆపాడు. ఇంటికి కన్నం వేసేవాడు కాపలా కుక్కని కట్టేయండి బాబూ అని చీటీ రాసి పంపితే కట్టేసినట్టయింది గానీ, అల్లుణ్ణి అనలేం గదా. మర్నాటికి మనవరాలి అన్నప్రాశన ఫొటోల దగ్గర్నుంచి ఇంటి ప్లాను దాకా ప్రతి ఫైలు చివరా అర్థం లేని నాలుగక్షరాల తోక మొలిచింది, ఏదీ తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్లోనూ ఒక చీటీ. 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లోగా కడితే సగం ధర, 490 డాలర్లే. ఆషాఢం డిస్కౌంటు! స్టాప్ లేదా డెజావూ అని పిలిచే ఈ రకం పెద్ద కంపెనీల జోలికి పోకుండా దొంగ కాపీలు వెతుక్కునే ఇళ్లనే పట్టుకు తిరిగింది. 2019 అక్టోబరులో ఎమ్‌సిసాఫ్ట్ అనే కంపెనీ వీటిలో 148 రకాలకి ఉచితంగా విరుగుడు తాళం విడుదల చేసింది. మావాళ్ల ఇంటికొచ్చింది ఆ తర్వాతి పుట్టుక. ఆ హార్డ్‌డిస్కు ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది, ఏనాటికైనా తాళం దొరక్కపోతుందా అని.

ఇక్కడ నిజాయితీగా చెప్పాలి. వేళ పెట్టిన స్కాన్ ఉంటే ఆ ఇల్లు నిలిచేదా? చెప్పలేను. కాపలాని చేజేతులా ఆపిన రోజున ఏ గస్తీ ఏం చేస్తుంది? ఫొటోలు ఇంకో డిస్కులో ఉంటే మాత్రం నిలిచేవి. ఆ మాట కూడా, ముందు ముందు నేను మిమ్మల్ని వేయించమని అడగబోయే కాగితంలో ఉండాలి.

ఇది మా ఇళ్ల నిర్లక్ష్యమే అని తీసేయకండి. 2017 మే 12న, ఇలాగే ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు, మన రాష్ట్రంలో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని పత్రికల్లో వచ్చింది. చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళంతో పాటు మన కృష్ణా పేరు కూడా ఆ వరసలో ఉంది. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపిన రోజులవి. వానాక్రై దూరిన రంధ్రాన్ని మూసే మందు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకున్న మెషిన్లు నిలిచాయి. వానాక్రైకి ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు. నెట్‌వర్కు వెంట ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి అదే పాకుతుంది. అక్కడ స్కాన్ కన్నా అప్‌డేట్ ముఖ్యం. అయినా రెండింటికీ రోగం ఒకటే. మన మెషిన్ ఆగి ఉన్న వేళకి వాటి ముహూర్తం పెట్టి ఉంటుంది.

ఇక నేను అడిగేది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పటి నుంచి ఊళ్లో డిజిటల్ అసిస్టెంటు అని ఒక ఉద్యోగి ఉన్నారు. ఆ పిల్లలకి స్కాన్ వేళ మార్చే ఈ పని పది నిమిషాలు. తెలుగులో ఒక్క కాగితం వేయించి సచివాలయం గోడకి అంటించండి. కంప్యూటరున్న ఇంటివాళ్లు ల్యాప్‌టాప్ పట్టుకొస్తే అక్కడే చేసి చూపించమనండి. ముందు సచివాలయం కంప్యూటర్లతో చెయ్యి తిరిగేలా చేసుకున్నా మంచిదే. రూపాయి ఖర్చు లేదు, టెండరు లేదు. టెండరు లేని పని ముందుకి కదలదని అనుభవం చెబుతున్నా, అడుగుతున్నాను.

కాగితంలో ఏం రాయాలో నేను చేసి చూసిందే చెబుతాను. స్టార్ట్ దగ్గర టాస్క్ షెడ్యూలర్ అని కొడితే ఒక పెద్ద చిట్టా తెరుచుకుంటుంది. ఎడమ పక్కన టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో విండోస్ డిఫెండర్. లంకలోంచి లంకలోకి పడవ కట్టుకుని పోయినట్టుంటుంది, కంగారుపడకూడదు. చివరి లంకలో నాలుగు పనుల పేర్లు కనపడతాయి. వాటిలో షెడ్యూల్డ్ స్కాన్ అన్నదాన్ని రెండుసార్లు నొక్కాలి. ట్రిగ్గర్స్ అన్న పేజీలో న్యూ నొక్కి, వీక్లీ అని పెట్టి, ఏ రోజో, ఏ వేళో ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడితో లేచిపోతారు. అసలు కీలకం సెట్టింగ్స్ పేజీలో ఉంది. అనుకున్న వేళ తప్పిపోతే వీలైనంత త్వరగా నడపమని చెప్పే గడి ఒకటుంది. దానికి టిక్కు పెట్టాలి. కరెంటు పోయినా, ఊరెళ్లినా, మళ్లీ మెషిన్ వేశాక బాకీ తీర్చుకుంటుంది. మా సీమకి ఆ ఒక్క టిక్కు మిగతా అంతటికన్నా విలువైంది. ల్యాప్‌టాప్ అయితే కండిషన్స్ పేజీ కూడా చూడాలి. బ్యాటరీ మీద ఉంటే మొదలుపెట్టవద్దని అక్కడ షరతు ఉండవచ్చు. ఉంటే ఉండనివ్వండి గానీ, ఆ వేళకి ఛార్జరు తగిలించి ఉంచండి.

ఏ వేళ మంచిదన్నది ఎవరింటి సంగతి వాళ్లదే. నాది ఆదివారం పొద్దున 10 గంటలు. ఆ వేళకి మనవరాలు వీడియో కాల్లో ఉంటుంది, మెషిన్ ఎలాగూ వెలుగుతుంది. గుడివాడలో మా అమ్మాయి పిల్లల హోంవర్కు వేళ పెట్టుకుంది. చిలకలపూడిలో మా బావమరిది రోల్డుగోల్డు నగల లెక్కలు చూసే కంప్యూటరుకి మధ్యాహ్నం భోజనం వేళ పెట్టించాను. ఆయన దగ్గర ఇంకో చిక్కు బయటపడింది. ఎప్పుడో కొన్న యాంటీవైరస్ గడువు తీరిపోయి, గంటకోసారి ‘డబ్బు కట్టండి’ అని అడుగుతూ కూర్చుంది. తను కాయదు, ఇంకొకరిని కాయనివ్వదు. దాన్ని తీసేశాకే డిఫెండర్ లేచి నిలబడ్డాడు. లైన్ల మరమ్మతుకి ఏ ఊళ్లో ఏ వేళ కరెంటు తీస్తారో పేపరు జిల్లా పేజీలో వేస్తారు గదా, అది చూసుకుని వేళ పెట్టుకుంటే ఇంకా మంచిది.

స్కాన్ నడుస్తుంటే మెషిన్ మొరాయిస్తుందని కొందరు మధ్యలో ఆపేస్తారు. వేళకి నడిచేది మామూలుగా క్విక్ స్కాన్, వైరస్‌లు కాపురం పెట్టే చోట్లు మాత్రమే చూసి వస్తుంది. మూలమూలలా వెతికే ఫుల్ స్కాన్‌కి పాత హార్డ్‌డిస్కుల మీద గంటలు పడుతుంది. అది ఏ రెండు మూడు నెలలకో చేత్తో పెట్టుకుంటే సరిపోతుంది. పెన్‌డ్రైవ్ మాత్రం ఏ లెక్కలోకీ రాదు, పెట్టినప్పుడల్లా దాని మీద కుడి బటన్ నొక్కి విడిగా స్కాన్ చేయాల్సిందే. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని ఒకటి పెట్టి, సీ-డాక్ తయారుచేసిన యూఎస్‌బీ ప్రతిరోధ్ వంటి పనిముట్లు ఉచితంగా ఇస్తోంది. మన జిరాక్సు, నెట్ సెంటర్లవాళ్లని ఒకసారి పిలిచి ఆ సంగతి చెబితే, రోజుకి వంద పెన్‌డ్రైవ్‌లు చేతులు మారే చోటే సగం పని అయిపోతుంది. వాళ్ల మీద కేసులు పెట్టమని అడగడం లేదు. చెప్పమంటున్నాను, అంతే.

ఇంకో కష్టం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. మా పెట్టె ఆ విండోస్ 10 కాలపుదే. విండోస్ 11 ఎక్కించబోతే ఈ మెషిన్ పనికిరాదంది. డిఫెండర్‌కి దొంగల జాబితా 2028 దాకా అందిస్తామంటున్నారు. కానీ గోడలో కొత్తగా పడే రంధ్రాలు, ప్రత్యేకంగా పేరు నమోదు చేసుకుంటే తప్ప, పూడ్చరు. అంటే లస్కరు తిరుగుతాడు, గట్టుకి మట్టి రాదు. ఊట ఎక్కడుందో చెబుతాడు గానీ పూడ్చే బండి లేదు. జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఎన్నున్నాయో సచివాలయాలవాళ్లు కాగితం అంటించేటప్పుడే లెక్క రాసుకుంటే, తర్వాత ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

ఇదంతా దండోరా వేయించేముందు ఒక జాగ్రత్త. సచివాలయం తరఫున కంప్యూటర్లు బాగుచేస్తున్నారని తెలియగానే, ‘డిజిటల్ అసిస్టెంటుని మాట్లాడుతున్నాను, ఫలానా యాప్ వేసుకోండి, మీ తెర నాకు కనపడాలి’ అని ఫోన్లు మొదలవుతాయి. వారంలోపే మొదలవుతాయి. కాబట్టి కాగితంలో మొట్టమొదటి వాక్యమే పెద్ద అక్షరాలతో ఉండాలి: ఈ పని కోసం మీకు ఎవరూ ఫోన్ చేయరు, ఓటీపీ అడగరు. అలా చేస్తే 1930కి చెప్పండి.

ఈ పనిని మనుషుల గుర్తుకి ఎందుకు వదలకూడదో చెబుతాను. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజు రాత్రి, రిటైరైనవాణ్ణి అయినా ఇంట్లో ఉండలేక కరకట్ట మీదకి వెళ్లాను. కట్ట పొడవునా టార్చిలైట్లే. పిలవని జనం కూడా ఇసుక బస్తాలు మోస్తున్నారు. వరద వేళ కాపలాకి మనకి మనుషుల కరవు లేదు. నెల తిరిగాక అదే కట్ట మీదకి వెళితే నేనూ రెండు గేదెలూ ఉన్నాం. పేపర్లో సైబర్ దొంగతనం వార్త పడిన వారం మా బజార్లో అందరూ వచ్చి తమ ల్యాప్‌టాప్‌లు స్కాన్ చేయించుకున్నారు. తర్వాత ఒక్కరూ రాలేదు. అందుకనే, గుర్తుపెట్టుకోమని మనుషులకి చెప్పే కన్నా, వేళ తెలిసిన మెషిన్‌కే పురమాయించడం నయమనిపించింది.

మీ డిజిటల్ అసిస్టెంటు ఎవరైనా ఈ పని మొదటిసారి చేసి చూసుకోవాలనుకుంటే మా ఇంటి పెట్టె మీద చేసుకోవచ్చు. ఆదివారం 10 గంటల తర్వాత రమ్మనండి. అప్పటికి స్కాన్ నడుస్తూ ఉంటుంది, కరెంటు ఉంటే.

ఇట్లు,
దివిసీమ గట్ల మీద తిరిగిన ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టరు